ఒక పొదుగు, రెండు మూతులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది పాల మంద కాదు. మాంసం కోసం పెంచే జాతి ఆవులు 18 ఉన్నాయి. వాటిని పిండం, పాలన్నీ దూడలకే వదిలేస్తాం. తొమ్మిది రోజుల క్రితం ఒక ఆవు నాలుగో ఈతలో కవలల్ని వేసింది. ఒకటి కోడెదూడ, ఒకటి పెయ్యదూడ. పుట్టినప్పుడు కోడె 31 కిలోలు, పెయ్య 24 కిలోలు తూగాయి. మొదటి రోజు ఆవు పెయ్యను దగ్గరికి రానివ్వలేదు, తలతో నెట్టేసింది. రెండో రోజు సాయంత్రానికి రానిచ్చింది. ఇప్పుడు రెండూ తాగుతున్నాయి గానీ పెయ్య డొక్కలు ఎప్పుడు చూసినా లోపలికే ఉంటున్నాయి. ఆవు 520 కిలోల దాకా ఉండేది, ఈనాక కొంచెం చిక్కింది. ఇది రెండింటినీ పెంచగలదా? పెయ్యను విడదీసి సీసాపాలు పట్టమని ఒకరు, దాన్ని పెంచి మందలో తల్లి ఆవుగా ఉంచుకోమని ఇంకొకరు చెబుతున్నారు. దాణా ఎంత పెంచాలి? వచ్చే ఈతలో కూడా కవలలే పుడతాయా? కొంచెం టెన్షన్‌గా ఉంది.

జవాబు: రేపు పొద్దున్నే రెండు దూడల్నీ మళ్లీ తూచండి. మిగతా సంగతులన్నీ ఆ తర్వాతే. పుట్టినప్పటి బరువులు రాసిపెట్టుకున్నారు కాబట్టి సగం పని అయిపోయినట్టే. చాలామంది ఆ పని చెయ్యరు, తర్వాత కళ్లతో కొలిచి మోసపోతారు. ఈ తొమ్మిది రోజుల్లో పెయ్య 27, 28 కిలోలకి చేరి ఉండాలి. 25 దగ్గరే ఆగిందంటే అది ఆకలితో ఉన్నట్టే, ఎంత హుషారుగా గెంతుతున్నా సరే.

కళ్లు మోసం చేస్తాయని ఊరికే అనడం లేదు. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినప్పుడు నేను చూసిన మొదటి కవలలు రెండూ మగవే. రోజూ దడి బయట నిలబడి చూసేవాణ్ణి. ఎప్పుడు చూసినా పొదుగు దగ్గర రెండు తోకలూ ఊగుతూనే ఉండేవి. బాగానే తాగుతున్నాయని రైతుకి ధైర్యం చెప్పి వచ్చేశాను. మూడు వారాల తర్వాత తూస్తే ఒకటి పద్నాలుగు కిలోలు పెరిగింది, రెండోది ఒక్క కిలో కూడా పెరగలేదు. అది తాగుతున్నది పాలు కాదు, మొదటిది వదిలేసిన ఖాళీ చన్ను. 26వ రోజున చనిపోయింది. ఆ తప్పు నాదే, రైతుది కాదు. అప్పట్నించీ కవలల ఇంటికి వెళ్తే తూకం చూడకుండా నోరు విప్పను.

తూకం అయ్యాక ఒక ఇరవై నిమిషాలు కొట్టంలో కూర్చోండి. పెయ్య తాగేటప్పుడు దాని గొంతు చూడండి. పాలు దిగుతుంటే గుటక కనిపిస్తుంది, మూతి అంచుల్లో నురగ వస్తుంది, ఒకే చన్నును కాసేపు పట్టుకుని ఉంటుంది. పాలు లేనప్పుడు క్షణానికో చన్ను మారుస్తుంది, పొదుగును కుమ్ముతూనే ఉంటుంది. ఏ చన్ను దగ్గర నిలబడుతోందో కూడా గమనించండి. ఆవు పాలలో దాదాపు 60 శాతం వెనక చన్నుల్లోంచే వస్తాయి. గట్టి దూడ వెనక రెండూ పట్టేస్తే బలహీనమైనదానికి ముందువి మిగులుతాయి, అవి కూడా గట్టిది వచ్చి మధ్యలో ఒకసారి పీల్చి పోయాకే.

ఇంకో గుర్తు పెయ్య నుదుటి మీద ఉంటుంది. తల మీద, చెవుల మధ్య పేడ అంటి ఉంటే అది దొంగపాలు మరిగిందని అర్థం. సొంత తల్లి దగ్గర చాలక మంద మొత్తం తిరిగి, వేరే ఆవు తన దూడకి చేపిన సమయం చూసుకుని, వెనక కాళ్ల మధ్యనుంచి తలదూర్చి తాగుతుంది. పక్కనుంచి వస్తే ఆవు వాసన చూసి తన్నేస్తుంది కదా, అందుకని వెనకనుంచి. తెలివైన దూడే, కానీ అలా తిరిగేదానికి పారుడు రోగం త్వరగా తగులుకుంటుంది. పైగా అది తాగే పాలు ఇంకో దూడ నోటి దగ్గరివి.

ఇప్పుడు మీరు అడిగినదానికి వస్తాను. నాలుగో ఈత ఆవు, 520 కిలోలు, రెండింటినీ ఒప్పుకుంది. ఇది పెంచగలదు. కాకపోతే ఒంటరిగా పెంచలేదు, మీ చెయ్యి పడాలి. ఈ రకం ఆవు ఒక దూడతో ఉంటే మంచి రోజుల్లో 8, 9 లీటర్ల పాలు ఇస్తుంది. రెండు మూతులు తగిలేసరికి పొదుగు తరచుగా ఖాళీ అవుతుంది, దాంతో ఇంకో రెండు మూడు లీటర్లు పెరుగుతాయి. అంతేగానీ రెట్టింపు కావు. అంటే ఒక్కో దూడకి మామూలు కన్నా తక్కువే దక్కుతుంది, అందులోనూ కోడె తన వాటా కన్నా ఎక్కువ లాగేస్తుంది. ఇదీ మీ పెయ్య డొక్కల కథ.

పెయ్యను విడదీసి సీసా పట్టమన్న సలహా నాకు నచ్చలేదు. కవలలు పుట్టగానే నూటికి తొంభై మంది చేసేది అదే: చిన్నదాన్ని పక్కకు తీస్తారు. నేను తప్పనిసరైతే పెద్దదాన్నే తీస్తాను. 24 కిలోలతో పుట్టి, మొదటి రోజే తల్లి చేత నెట్టించుకున్న దూడ అది. ఇప్పుడిప్పుడే తల్లి వెనక నడుస్తోంది. దాన్ని ఒంటరిగా కట్టేసి, రబ్బరు చన్ను నోట్లో పెట్టి, పాలు మార్చి, చోటు మార్చితే ఏదో ఒకదానికి కుంగిపోతుంది. కోడె అలా కాదు. బకెట్టులో తాగమన్నా రెండు రోజుల్లో నేర్చుకుంటుంది, దాణా కూడా ముందు అదే ముట్టుకుంటుంది. బరువు మోయగలిగినవాడి మీదే మార్పు పెట్టాలి.

అయితే ఇవాళే కోడెను తియ్యనక్కర్లేదు. ముందు ఇలా చెయ్యండి. పొద్దునా సాయంత్రమూ కోడెను ఒక పావుగంట పక్కన కట్టెయ్యండి, తల్లికి కనిపించేలానే. ఆ పావుగంట పొదుగు మొత్తం పెయ్యదే. ఆవు చేపిన తొలి పాలు దానికి దక్కితే చాలు, సగం తేడా అక్కడే తీరిపోతుంది. మొదటి రెండు రోజులు కోడె అరుపులకి ఆవు చిరాకు పడుతుంది, పాలు బిగబడుతుంది. మూడో రోజుకి ఎవరి పద్ధతి వాళ్లకి అలవాటవుతుంది.

తూకం 26 కన్నా తక్కువ వస్తే మాత్రం దీనితో పాటు సీసా కూడా కావాలి. 24, 25 కిలోల దూడ ప్రాణం నిలుపుకోడానికే రోజుకి 2 లీటర్ల దాకా పాలు కావాలి. రోజుకి అరకిలో చొప్పున పెరగాలంటే 4 లీటర్ల దగ్గర పడాలి. తల్లి దగ్గర ఎంత తాగుతోందో కొలవలేం కాబట్టి, తల్లి దగ్గర తాగిన తర్వాత, పూటకి ఒక లీటరు పట్టి చూడండి. తర్వాతే, ముందు కాదు. ముందే సీసాతో కడుపు నింపేస్తే తల్లి కోసం పోటీ పడటం మానేస్తుంది, మీరే తల్లి అయిపోతారు. పొడి పాలు వాడితే సంచి మీద రాసినంతే కలపండి. సాధారణంగా లీటరుకి 125 నుంచి 150 గ్రాములు ఉంటుంది. వేడి 39 డిగ్రీల దగ్గర, అంటే ఆవు ఒంటి వేడితో సమానంగా ఉండాలి. పల్చగా కలిపితే పొదుపు కాదు, కడుపు నీళ్లతో నిండుతుంది అంతే. దూడను నిలబెట్టి, మెడ కొంచెం పైకి ఉండేలా, అది పీలిస్తేనే పాలు వచ్చేలా పట్టండి. నోట్లో పొయ్యొద్దు. పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆ నిమోనియా నుంచి చిన్న దూడలు సాధారణంగా తేరుకోవు. రోజూ ఒకే వేళకి పట్టండి, సీసా, రబ్బరు చన్ను ప్రతిసారీ వేడినీళ్లతో కడగండి.

మొదటి రోజు ఆవు నెట్టేసిందన్నారు, అక్కడ నాకు ఇంకో అనుమానం ఉంది. పెయ్యకి ముర్రుపాలు వేళకి అందినట్టు లేవు. దూడ పేగు ముర్రుపాలలోని రోగనిరోధక పదార్థాల్ని మొదటి కొన్ని గంటల్లోనే బాగా పీల్చుకుంటుంది. ఒక రోజు దాటితే ఆ తలుపు మూసుకున్నట్టే. మొదటి 12 గంటల్లో ఒంటి బరువులో పదో వంతు లోపలికి వెళ్లాలి, అంటే మీ పెయ్యకి దాదాపు రెండున్నర లీటర్లు. రెండో రోజు సాయంత్రం తాగిన పాలు ఆకలి తీర్చాయి గానీ ఆ రక్షణ ఇవ్వలేదు. ఇక ఇప్పుడు వెనక్కి వెళ్లలేం. అది అందలేదనే అనుకుని జాగ్రత్త పడండి. పడుకునే చోట పొడిగడ్డి మందంగా వెయ్యండి, రోజూ మార్చండి. బొడ్డును వేళ్లతో తడిమి చూడండి. బొడ్డు దగ్గర వాపు, వేడి, నొప్పి ఉన్నా, ఏదైనా కీలు ఉబ్బినా, ఆ రోజే మీ పశువైద్యుడికి చూపించండి. పారుడు మొదలైతే పాలు ఆపెయ్యకండి, మధ్యమధ్యలో లవణాల నీళ్లు పట్టండి. కళ్లు లోపలికి పోయి, మెడ దగ్గర చర్మం పట్టి లాగితే వెంటనే వెనక్కి రాకపోతే అది ఇంటి వైద్యానికి లొంగే దశ దాటిందని అర్థం.

ఈ మాట ఇకముందు ఈనే మిగతా ఆవుల విషయంలోనూ పనికొస్తుంది: ఏదైనా ఆవు దగ్గర ముర్రుపాలు మిగిలితే సీసాల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. ఏడాది దాకా నిలవుంటాయి. కరిగించేటప్పుడు చెయ్యి పెట్టగలిగే గోరువెచ్చని నీళ్లలో పెట్టి నెమ్మదిగా కరిగించాలి. పొయ్యి మీద కాస్తే రోగనిరోధక పదార్థాలు పాడైపోతాయి, మిగిలేది ఉత్త జున్నే.

ఇక తల్లి. మీరు దూడల గురించి ఎక్కువ రాశారు, ఆవు గురించి ఒక్క వాక్యం, "కొంచెం చిక్కింది" అని. నాకు అసలు భయం అక్కడే. ఆవు దూడల కోసం తన ఒళ్లు కరిగించి పాలు చేస్తుంది. దాణా చాలకపోయినా మొదటి రెండు నెలలు పాలు పెద్దగా తగ్గవు, వీపు తగ్గుతుంది. రెండు దూడల్నీ చక్కగా పెంచి, ఏడాది తిరిగేసరికి చూడి కట్టకుండా మిగిలిపోయిన ఆవుల్ని ఎన్నో చూశాను. ఒక ఏడాది రెండు, మరుసటి ఏడాది సున్నా. లెక్క వేసుకుంటే ఏడాదికి ఒకటే, దానికోసం ఇంత కష్టం అదనం.

అందుకని వారానికోసారి ఆవు ఒంటి మీద చెయ్యి పెట్టండి. చివరి రెండు మూడు పక్కటెముకల మీద అరచేయి ఆనించండి. కొంచెం నొక్కితే ఎముక తెలియాలి, నొక్కకుండానే ఒక్కొక్కటీ గట్లు గట్లుగా తగిలితే కండ తగ్గిపోయినట్టు. తోక మొదట్లో రెండు పక్కలా గుంటలు పడుతున్నాయేమో చూడండి. ఒంటి కండకు 1 నుంచి 9 దాకా మార్కులు వేసే పద్ధతి ఒకటుంది. కవలల్ని పెంచే ఆవు ఈనేనాటికి 6 దగ్గర ఉంటే నిశ్చింత, 5 కన్నా దిగితే మళ్లీ ఎదకి రావడం బాగా ఆలస్యమవుతుంది. ఒక్క మార్కు అంటే ఈ సైజు ఆవులో దాదాపు 40 కిలోల బరువు. పాలిస్తూ పాలిస్తూ 40 కిలోలు తిరిగి సంపాదించడం మహా కష్టం, అందుకే తగ్గనివ్వకుండా చూసుకోవడమే మార్గం.

దాణా లెక్క ఇలా వేసుకోండి. 520 కిలోల పాలిచ్చే ఆవు రోజుకి 12, 13 కిలోల ఎండు పదార్థం తినాలి. పచ్చిగడ్డిలో నాలుగింట మూడొంతులకి పైగా నీళ్లే కాబట్టి, పూర్తిగా పచ్చిగడ్డి మీదే అయితే 50 కిలోల పైమాటే. మంచి గడ్డి ఉన్నప్పుడు ఒక దూడ తల్లికి దాణా పెద్దగా అక్కర్లేదు. కవలల తల్లికి పెరిగిన ఒక్కో లీటరు పాలకి 400 గ్రాముల దాణా అనే పాత లెక్క సరిపోతుంది, అంటే మూడు లీటర్లకి ఒక కిలో పైచిలుకు. ఈనాక చిక్కింది కాబట్టి దాని మీద ఇంకో కిలో. మొత్తం రెండు కిలోల పైన, రెండున్నర లోపు. అందులో మాంసకృత్తులు 16 నుంచి 18 శాతం ఉండాలి. ఎండుగడ్డో, చొప్పో ప్రధాన మేత అయితే మాత్రం ఇది చాలదు. నూనెచెక్క వాటా పెంచాలి, ఎందుకంటే ఎండు చొప్పలో మాంసకృత్తులు 5 శాతం కూడా ఉండకపోవచ్చు, పాలిచ్చే ఈ ఆవుకి మొత్తం మేత మీద 11, 12 శాతం కావాలి.

ఒక్కరోజులో రెండున్నర కిలోలు కుమ్మరించొద్దు. అరకిలోతో మొదలుపెట్టి పది రోజుల్లో అక్కడికి చేరండి, రెండు పూటలుగా పంచండి. గింజలు ఒక్కసారిగా ఎక్కువైతే పొట్ట పులుస్తుంది, ఆవు మేత మానేస్తుంది. ఆ నాలుగు రోజుల్లో పోయిన కండ నెలకి గానీ రాదు. దాణాతో పాటు ఖనిజ మిశ్రమం తప్పనిసరి. లేత పచ్చిక మీద మేస్తున్న, బాగా పాలిచ్చే పెద్ద ఈతల ఆవులకి మెగ్నీషియం లోటు వచ్చే ప్రమాదం ఉంది. ఆవు ఉలిక్కిపడటం, కండరాలు అదరడం, తూలుతూ నడవడం కనిపిస్తే పరుగున వైద్యుణ్ణి పిలవాలి, గంటల మీద ఉంటుంది వ్యవహారం. ఇక నీళ్లు. రోజుకి 60 నుంచి 80 లీటర్లు, ఎండలు ముదిరితే ఇంకా ఎక్కువ. తొట్టి దగ్గర మందలో బలమైన ఆవులు దీన్ని నెట్టేస్తున్నాయేమో చూడండి. కవలల తల్లి దూడల్ని చూసుకుంటూ వెనకబడుతుంది, అది వచ్చేసరికి తొట్టి అడుగంటుతుంది. నేనైతే దీన్నీ, దూడల్నీ మంద నుంచి విడిగా, మేత బాగున్న చిన్న మడిలో ఉంచుతాను. దాణా పెట్టడం తేలిక, దూడ తప్పిపోదు, దొంగపాల బెడదా ఉండదు.

మాయ గురించి మీరు రాయలేదు. కవలల ఈతలో మాయ నిలిచిపోవడం చాలా మామూలు. ఒక రోజు దాటినా పడకపోతే లాగడం, బరువు కట్టడం లాంటివి చెయ్యకూడదు. ఇప్పుడు తొమ్మిదో రోజు కాబట్టి ఆ దశ దాటింది, కానీ దుర్వాసనతో ముదురు రంగు స్రావం కనిపించినా, ఆవు మేత తగ్గించినా, జ్వరం 39.5 డిగ్రీలు దాటినా గర్భాశయం చూపించండి. చూడి కట్టకపోవడానికి సగం కారణాలు అక్కడే మొదలవుతాయి.

పెయ్యను మందలో ఉంచుకోమన్న సలహా గురించి. వద్దు. కనీసం పరీక్ష చేయించకుండా వద్దు. కోడెతో కలిసి పుట్టిన పెయ్యల్లో నూటికి 90 కి పైగా జన్మలో చూడి కట్టవు. ఇంగ్లిషులో దీన్ని ఫ్రీమార్టిన్ అంటారు. కడుపులో ఉండగానే రెండు దూడల మాయలు కలిసిపోయి, రక్తనాళాలు ఒకటవుతాయి. మగ దూడ వృషణాలు ముందు తయారవుతాయి, వాటి హార్మోన్లు పెయ్య ఒంట్లోకి వచ్చి దాని అండాశయాల్నీ, గర్భసంచినీ ఎదగనివ్వవు. పశువుల పెంపకందార్లకి ఇది చాలా కాలంగా తెలుసు. జాన్ హంటర్ అనే శస్త్రవైద్యుడు 1779లోనే ఇలాంటి పెయ్యల్ని కోసి చూసి లోపల ఏముందో రాశాడు. రక్తం ద్వారా హార్మోన్లు పారడమే కారణమని 1916లో ఫ్రాంక్ లిల్లీ వివరించాడు.

పైకి చూస్తే ఏ తేడా కనిపించదు, అదే చిక్కు. కొన్నింటికి యోని కింది అంచున పొడవాటి వెంట్రుకల కుచ్చు ఉంటుంది, కానీ దాన్ని నమ్ముకోలేం. పశువైద్యుడు నున్నటి మొద్దు గొట్టానికి జారుడు మందు రాసి లోతు చూస్తాడు. కొన్ని వారాల వయసు మామూలు పెయ్యలో అది 13 నుంచి 15 సెంటీమీటర్లు వెళ్తుంది, ఫ్రీమార్టిన్‌లో 5 నుంచి 8 దగ్గర ఆగిపోతుంది. రెండు నిమిషాల పని. మీరు సొంతంగా చెయ్యొద్దు, పొరలు చిరుగుతాయి. అనుమానం మిగిలితే రక్తం తీసి అందులో మగ కణాలున్నాయేమో పరీక్షిస్తారు. ఏదేమైనా అది పనికిరాని దూడేం కాదు. మీది మాంసం మంద కాబట్టి కోడెతో పాటే పెరుగుతుంది, పాలు మరిపించాక మిగతా దూడలతోనే అమ్మకానికి వెళ్తుంది. చెవి పోగుకి ఇప్పుడే ఒక గుర్తు పెట్టండి. ఏడాదిన్నర తర్వాత మందలో కలిసిపోయి, ఎందుకు ఎదకి రావడం లేదని తల పట్టుకోకుండా ఉంటుంది. కోడె సంగతికి దిగులు లేదు, దానికి సాధారణంగా ఏ లోపమూ రాదు. రెండూ పెయ్యలే పుట్టి ఉంటే ఈ గొడవే లేదు.

ఇక ఈ లోపు మీ మందలో వేరే ఆవు ఏదైనా దూడను పోగొట్టుకుంటే, కోడెకి అదే మంచి ఇల్లు. చనిపోయిన దూడ తోలు వీపు భాగం వొలిచి, కోడె వీపు మీద కోటులా కట్టి, ఆ ఆవుతో చిన్న గదిలో ఉంచాలి. ఆవు కళ్ల కన్నా ముక్కును నమ్ముతుంది. మొదటి పూట వాసన చూస్తుంది, పక్కకు జరుగుతుంది, మళ్లీ వచ్చి తోక కింద వాసన చూస్తుంది. నాకడం మొదలుపెట్టిందంటే పని అయినట్టే. మూడు నుంచి ఐదు రోజుల్లో, కోడె తాగిన పాల వాసన దాని పేడలోంచే రావడం మొదలయ్యాక, తోలు తీసెయ్యొచ్చు. అది కుళ్లి ఈగలు ముసిరేదాకా ఉంచొద్దు. దూడ చచ్చింది రోగంతో అయితే ఆ తోలు వాడనే వాడొద్దు. ఈ పనికీ పెద్ద దూడే మేలు. కొత్త తల్లి రెండుసార్లు తన్నినా మూడోసారి వెళ్తుంది, పెయ్య వెళ్లదు.

అలాంటి ఆవు దొరక్కపోతే దారి దూడల దాణా. మూడో వారం నుంచి దూడలు మాత్రమే దూరగలిగే ఒక చిన్న గది కట్టండి. 40 నుంచి 45 సెంటీమీటర్ల సందు చాలు, తల్లి పట్టదు. లోపల చిన్న తొట్టి, శుభ్రమైన నీళ్లు, 18 శాతం మాంసకృత్తులున్న దూడల దాణా, మెత్తని ఎండుగడ్డి. మొదట్లో వాసన చూసి వదిలేస్తాయి. తాగి పక్కకు వచ్చిన కోడె మూతికి ఒక పిడికెడు దాణా రాయండి, మూతి నాక్కుంటూ రుచి పట్టుకుంటుంది. తినని దాణా రోజూ తీసేసి కొత్తది వెయ్యండి, తడిసి పులిసినదాన్ని అవి ముట్టవు. పాలు నేరుగా నాలుగో కడుపులోకి పోతాయి, మొదటి కడుపు ఎదగాలంటే గింజ పడాలి. అది ఎదిగితేనే పాలు తగ్గినా దూడ నిలబడుతుంది.

కోడె మూడు రోజులు వరసగా కిలోకి తగ్గకుండా దాణా తింటోందని తేలాక, 90 నుంచి 100 రోజుల మధ్యలో దాన్ని పాలు మరిపించండి. పెయ్య తల్లి దగ్గరే ఉంటుంది, అప్పటినుంచి పొదుగంతా దానిదే. చాలామంది దూడలు రెండింటినీ ఆరేడు నెలల దాకా వదిలేస్తారు. ఒక దూడకి అది సరే. రెండింటికీ అలా వదిలితే ఆవు ఎండిపోతుంది. మీ ఆవు వీపు 60 రోజులప్పటికే బాగా దిగిపోతే వంద దాకా ఆగకండి, కోడె తిండి చూసుకుని ముందే మరిపించెయ్యండి.

ఎద విషయంలో ఒక లెక్క మనసులో పెట్టుకోండి. చూడి దాదాపు 283 రోజులు. ఏడాదికో ఈత రావాలంటే ఈనిన 82 రోజుల లోపు మళ్లీ కట్టాలి. కవలల తల్లికి ఇది కష్టమైన గడువు. మొదటి నెల దాటాక రాత్రిళ్లు దూడల్ని విడిగా ఉంచి, రోజుకి రెండుసార్లు మాత్రమే తాగనిస్తే ఎద కొంచెం ముందుకు వస్తుంది. దూడ ఎప్పుడూ పొదుగు దగ్గరే ఉండటం కూడా ఎదను ఆపే కారణాల్లో ఒకటి. అయితే ఇది పెయ్య నిలదొక్కుకున్నాకే. ఒక ఎద తప్పిపోయినా ఫరవాలేదు. మంచి ఆవు, ఇంత చేసింది, మూడు వారాలు ఆగండి.

వచ్చే ఈతలో మళ్లీ కవలలా? చాలావరకు కాదు. మాంసం జాతి ఆవుల్లో వంద ఈతలకి ఒకటి రెండు మాత్రమే కవలలు. ఒకసారి వేసిన ఆవుకి మళ్లీ వేసే అవకాశం మిగతావాటికన్నా కొంచెం ఎక్కువ, అంతే. అమెరికాలో నెబ్రాస్కాలోని మాంసపు పశువుల పరిశోధన కేంద్రం 1980లలో కవలల కోసమే ఆవుల్ని ఏరి, తరాల తరబడి ఎంపిక చేసి, చివరికి సగం ఈతల్లో కవలలు పుట్టే మందను తయారుచేసింది. ఒక్కో ఆవు మీద దూడల బరువు బాగా పెరిగింది, దాంతో పాటు కష్టమైన ఈతలు, నిలిచిపోయే మాయలు, చనిపోయే దూడలు కూడా పెరిగాయి. అంటే మనుషులు రాత్రింబవళ్లు కాపలా ఉంటేనే అది లాభం.

మీరు చెయ్యాల్సిందల్లా, దీనికి చూడి కట్టాక 40 నుంచి 90 రోజుల మధ్య స్కానింగ్ చేయించడం. రెండు కనిపిస్తే చివరి రెండు నెలలు దాణా పెంచాలి. రెండు దూడలు పొట్టలో చోటు ఆక్రమిస్తాయి, ఆవు గడ్డి ఎక్కువ తినలేదు, కడుపు పట్టినంతలోనే బలం ఇవ్వాలి. తేదీ కన్నా వారం పది రోజులు ముందే ఈనుతుందని సిద్ధంగా ఉండండి. మొదటి దూడ పడ్డాక గంట దాటినా ఆవు మళ్లీ ముక్కుతూ రెండోది రాకపోతే, రెండోది అడ్డం తిరిగిందనో, వెనక కాళ్లతో వస్తోందనో అనుమానించి వెంటనే పిలవండి. చివరిగా, రెండు పుట్టాక రెండింటినీ తల్లి ముక్కు ముందే పెట్టండి. ఈసారి మీ ఆవు పెయ్యను నెట్టేయడానికి కారణం కోపం కాదు. మొదటిదాన్ని నాకుతూ లేచి నాలుగడుగులు పక్కకు వెళ్లి ఉంటుంది, రెండోది అక్కడ పడి ఉంది, దాని వాసన తనది అనిపించలేదు. మూడు నాలుగు రోజులు ముగ్గుర్నీ చిన్న గదిలో కలిపి ఉంచితే ఈ గొడవ చాలావరకు రాదు.

రేపటి తూకం రాసుకోండి. వారం తర్వాత ఒకటి, 30వ రోజున ఇంకోటి. ఆ మూడు అంకెలూ, ఆవు వీపు పక్కనుంచి తీసిన ఫొటో ఒకటి పంపండి. కోడెను ఏ రోజు మరిపించాలో అప్పుడు చెబుతాను.